తల వైపు మూరెడు బట్ట

సాల్మన్ కొట్టుకి ఎవరొచ్చినా 'రండి' అనే మాట వినపడదు. పోయేటప్పుడు వాళ్ళూ 'వెళ్ళొస్తాం' అనరు. చీరాలలో ఇంకే కొట్టుకైనా వెళ్ళండి, రోడ్డు పక్కన సోడా కొట్టేవాడు కూడా 'మళ్ళీ రండి బాబూ' అంటాడు. ఇక్కడ మాత్రం వచ్చినవాళ్ళు తల దించుకుని వస్తారు, మనిషి పొడవు చెప్తారు, పెట్టె ఎత్తించుకుని తల దించుకునే పోతారు. సాల్మన్ కూడా గుమ్మం దాకా వచ్చి సాగనంపడు. శవాలకి పెట్టెలు చేసే మనిషి నోటి వెంట 'మళ్ళీ రండి' అని వస్తే చెప్పుచ్చుకుని కొట్టరూ?

అలాంటి కొట్టు ముందు గదిలో ఆయన కూతురు ఫెబా పూసలూ లేసులూ అమ్ముదామని కూర్చుంది. పిచ్చి పిల్ల అనుకోండి, మొండి పిల్ల అనుకోండి, రెండూ నిజమే. డిగ్రీ అయ్యాక గుంటూరులో ఒక కుట్టు సామాన్ల షాపులో పని చేసి, ఆ వ్యాపారం కిటుకులన్నీ పట్టుకొచ్చింది. క్రోషే దారాలు, శాటిన్ రిబ్బన్లు, కుందన్లు, మగ్గం పనికి సూదులు, బట్ట మీద వేసే రంగులు, అన్నీ గాజు బీరువాల్లో ముచ్చటగా సర్దింది. గులాబీ రంగు అక్షరాలతో 'ఫెబా క్రాఫ్ట్స్' అని బోర్డు రాయించింది. ఆ బోర్డు కట్టడానికి నాన్న బోర్డు కింద తప్ప చోటెక్కడుంది? పైన నల్ల సిలువ, కింద గులాబీ పువ్వు. మార్టూరు వైపు నుంచి వచ్చే రాయి లారీలు పోయినప్పుడల్లా రెండు బోర్డులూ కలిసే ఊగేవి.

ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. రాకపోవడమేం, ఆ గులాబీ బోర్డు చూసి మెట్టెక్కేవాళ్ళు. వెనక తలుపులోంచి చిత్రిక పట్టిన చెక్క వాసన గుప్పుమనేది, గోడకి ఆనించి నిలబెట్టిన పెట్టెలు కనపడేవి. అంతే, మాటా పలుకూ లేకుండా పెట్టిన కాలు వెనక్కి తీసుకునేవాళ్ళు. ఫెబా తెర కట్టింది. తెర వెనక సుత్తి దెబ్బలు పడుతుంటే తెర ఏం ఆపుతుంది, మన పిచ్చి గానీ! హిందువుల సంగతి అలా ఉంచండి. ఆదివారం పక్కన కూర్చుని గొంతెత్తి పాటలు పాడే సంఘం ఆడవాళ్ళు కూడా దారపుండ కావాలంటే ఒంగోలు బస్సెక్కేవాళ్ళు. పరలోకం మీద ఎంత ఆశ ఉన్నా పెట్టె మీద ఎవరికీ ఆశ ఉండదు కదా.

ఫెబాకి పెట్టెలంటే భయం లేదు. వాటి మధ్యే పెరిగింది. తల్లి బతికున్నన్నాళ్ళూ పెట్టెల లోపల తెల్ల శాటిన్ కుట్టే పని ఆవిడదే, ఆవిడ పోయాక ఫెబా చేతికొచ్చింది. కుచ్చులన్నీ కాళ్ళ వైపు నుంచి తల వైపుకి సాగాలి. ముడి ఏదీ పైకి కనపడకూడదు. తల దగ్గర మాత్రం బట్ట కత్తిరించకుండా మూరెడు వదిలేయాలి. "ఎందుకమ్మా, బట్ట దండగ కదా?" అని చిన్నప్పుడు తల్లిని అడిగింది. "మీ నాన్న అలాగే ఉండాలంటాడే" అని తల్లి సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది. ఫెబా మళ్ళీ అడగలేదు.

భయం లేదు గానీ సిగ్గుంది. ఉన్న మాట అనుకోవడానికేం? సంఘంలో పెళ్ళయితే శుభలేఖ సాల్మన్ చేతికివ్వరు, మెట్టు మీద పెట్టి పోతారు. కాలేజీలో స్నేహితురాళ్ళు 'మీ నాన్నగారేం చేస్తారు' అంటే ఫెబా 'చెక్క పని' అనేది. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆ గుమ్మంలోకి ఒక్క మనిషైనా, ఒక్కరంటే ఒక్కరైనా, ఏడుపు మొహంతో కాకుండా మామూలు మొహంతో రావాలి. దారం రంగు చూసుకుని, బేరమాడి, విసుక్కుని, కొనుక్కుని పోవాలి. కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఫెబా కోరిక అదొక్కటే.

జనం కొట్టుకి రాకపోతే కొట్టే జనం దగ్గరికి పోవాలనుకుంది. స్కూటీ ముందర ప్లాస్టిక్ ట్రేలు పెట్టుకుని బయల్దేరింది. సెలవు రోజుల్లో స్కూళ్ళలో, బ్యూటీ పార్లర్ పై గదిలో, అపార్ట్‌మెంటుల సెల్లార్లలో పోగ్రాంలు పెట్టింది. 'ఒక పూట సరదా' అని పేరు. నేర్పినందుకు ఏమీ తీసుకోదు, సామాను మాత్రం తన దగ్గర కొనుక్కోవాలి. రిబ్బను ఆమె వేళ్ళ మధ్య రెండు తిరుగుళ్ళు తిరిగిందంటే గులాబీ అయిపోయేది. వంటింట్లోంచి తడి చేతులతో వచ్చిన ఆడవాళ్ళు పిల్లల్లా పోటీలు పడి కుట్టేవాళ్ళు, వంకర పోతే నవ్వుకునేవాళ్ళు. ఫెబాకి ఆ నవ్వులు వింటే కడుపు నిండిపోయేది.

చివర్లో ఎవరో ఒకరు అడిగేవాళ్ళు, "షాపెక్కడమ్మా నీది?"

"ఫోన్ చెయ్యండి ఆంటీ, ఇంటికే తెచ్చిస్తా" అనేది ఫెబా. ఆమె పంచే కార్డు మీద ఫోన్ నంబరుంది, గులాబీ పువ్వుంది, అడ్రసు లేదు.

సాల్మన్ ఆ కార్డు తిప్పి తిప్పి చూశాడొకసారి. "ఊరంతా తిరిగి కొట్టు సంగతి చెప్తన్నావు. కొట్టెక్కడుందో మాత్రం చెప్పవు. అదేం వ్యాపారమే తల్లీ?"

"ఏమని చెప్పమంటావ్ నాన్నా? పెట్టెల సాల్మన్ గారి గుమ్మంలోనే అని చెప్పనా?"

"చెప్తే ఏమవుద్ది?"

"ఏమవుద్దో నీకు తెలీదా?"

తెలుసు. ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కార్డు గూట్లో పెట్టి రంపం అందుకున్నాడు.

మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసే రోజుల్లో మాధవీలత ఫోన్ చేసింది. చీరాలలో నేత చీరల వ్యాపారం చేసే పెద్ద కుటుంబం వాళ్ళది, కాలనీలో లేడీస్ క్లబ్బు ఆవిడ చేతి మీదే నడుస్తుంది. పార్లర్లో ఎవరో చేసిన రిబ్బను గులాబీలు చూసి నంబరు పట్టింది.

"మా అమ్మాయికి పాప పుట్టిందమ్మా. వచ్చే వారం ఉయ్యాల్లో వేస్తున్నాం. దానికి ముందు మా క్లబ్బు హాల్లో నీ పోగ్రాం పెడదాం. ఉయ్యాల ఎలా అలంకరించాలో మా ఉయ్యాల మీదే అందరికీ చూపించు. మా వాళ్ళందరి ఇళ్ళలోనూ మనవలూ మనవరాళ్ళేనమ్మా, ఇక చూస్కో నీ పని!"

ఫెబా కాళ్ళు నేల మీద నిలవలేదు. పక్క గదిలోకి పరిగెత్తుకెళ్ళి నాన్నతో చెప్పింది. సాల్మన్ మొహం కూడా విప్పారింది. "ఉయ్యాలా? మన దగ్గర మంచి వేప చెక్కుందే. వాళ్ళకొకటి చేసిద్దామా, కానుకగా? నీ ఉయ్యాల నేనే చేశా. దాంట్లో వేస్తే చాలు, ఏడుపాపేదానివి."

"నువ్వు చేసిన ఉయ్యాల్లో ఎవరు పడుకోబెడతారు నాన్నా పిల్లని?"

నోరు జారితే తీసుకోలేం. "అదీ నిజమేలే" అని సాల్మన్ చిత్రిక పట్టిన చెక్కనే మళ్ళీ పట్టసాగాడు. ఫెబా క్షమించమని అడగాలనుకుంది, అడగలేదు. పనుల్లో పడిపోయింది.

పోగ్రాం రోజు క్లబ్బు హాలు కళకళలాడింది. ప్లాస్టిక్ కుర్చీలన్నీ నిండిపోయి వెనక గోడకి ఆనుకుని కూడా నిలబడ్డారు. మధ్యలో మాధవీలత అత్తగారి కాలం నాటి టేకు ఉయ్యాల, నాలుగు పలకలూ అడుగున చెక్కా ఉన్నది, ఇత్తడి గొలుసులకి వేలాడుతోంది. ఫెబా మైకు చేతికిచ్చారు. పత్తి దూది పరుపు పరిచింది. తెల్ల శాటిన్ తాను విప్పి, ఒక్కో కుచ్చూ ఎలా పట్టాలో, ఎక్కడ సూది గుచ్చాలో చెప్తూ పలకల వెంట కుట్టుకుంటూ పోయింది. ఎవరమ్మాయికి కవల పిల్లలు, ఎవరి కోడలికి నెల తప్పింది, ఆ కబుర్లు ఒక పక్క సాగుతూనే ఉన్నాయి. ఫెబా నవ్వుతూ జవాబులు చెప్పింది. నోరు మాటల మీద ఉంది, చేతుల పని చేతులు చేసుకుపోయాయి.

అలంకారం పూర్తయింది. అంచుల వెంట గులాబీలు, మూలల్లో ముత్యాల పూసలు. హాలంతా "అబ్బ!" అంది.

మాధవీలత అత్తగారు పేరమ్మ కర్ర పోటేసుకుంటూ దగ్గరికొచ్చి వంగి చూసింది. "అంతా బాగానే ఉంది గానీ, ఇదేందే అమ్మాయ్? ఇక్కడింత గుడ్డ మిగిలిపోయింది. కత్తిరించడం మర్చిపోయావా?"

ఫెబా చూసింది. తల వైపు మూరెడు బట్ట.

కుచ్చుల వంక చూసింది. అన్నీ కాళ్ళ వైపు నుంచి తల వైపుకే సాగి ఉన్నాయి. ఒక్క ముడి కూడా పైకి కనపడటం లేదు. నాలుగు పలకలూ అడుగున చెక్కా కనపడేసరికి చేతులు తమకి వచ్చిందేదో అదే చేశాయి.

"మర్చిపోలేదత్తయ్యా, ఇందులో కూడా ఏదో ఐడియా ఉండుంటుంది. చెప్పమ్మా ఫెబా, అందరికీ వినపడేట్టు చెప్పు" అంది మాధవీలత.

అవునండీ మర్చిపోయాను అంటే పోయేది. కత్తెర పక్కనే ఉంది. కానీ మైకు చేతిలో ఉంది, హాలంతా తన నోటి వంకే చూస్తోంది. తేలు కుట్టిన దొంగకి తిన్నగా మాటొస్తుందా?

"దోమలు వాలకుండానండీ" అంది ఫెబా. "పాప నిద్రపోయాక ఇలా ముఖం మీదకి కప్పుకోవచ్చు."

"భలే భలే!" అంది మాధవీలత. తన చేత్తోనే ఆ బట్ట అందుకుని ఖాళీ దిండు మీదకి కప్పి చూపించింది. చప్పట్లు మోగాయి. ఫోన్లు పైకి లేచాయి. "మాకూ అచ్చం ఇలాంటిదే కావాలమ్మా" అని ఎవరో అరిచారు. ఇన్నాళ్ళు ఏ చప్పట్ల కోసం వీధులు తిరిగిందో ఆ చప్పట్లే. ఒక్కొక్కటీ చెంప మీద పడినట్టుంది ఆమెకి.

అప్పుడు మూడో వరసలో ఒకావిడ కనపడింది. బొట్టు లేని మొహం, నీలం అంచు నేత చీర. ఆవిడ చప్పట్లు కొట్టడం లేదు, ఫెబా వంక చూడటం లేదు. ఉయ్యాల్లో ఆ బట్ట వంకే చూస్తోంది. ఒళ్ళో ఆవిడ కుడి చెయ్యి దానంతటదే కదులుతోంది. ఏదో కొసని మెల్లిగా పట్టుకుని, పైకి లాగి, రెండు పక్కలా సర్దుతోంది. గాలిలోనే.

ఫెబాకి అర్థమైంది. ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆవిడ అలాంటి బట్ట ఎవరి ముఖం మీదో కప్పిన మనిషి.

"ఏదీ, మా బంగారుకొండని తీసుకురండి. ఒకసారి పడుకోబెట్టి చూద్దాం, ఫోటో తీస్తారు" అంటోంది మాధవీలత. కూతురు పాపని తెచ్చింది. పొత్తిళ్ళలో ఎర్రటి చిన్న మొహం, మూసిన గుప్పిళ్ళు. మాధవీలత ఒక చేత్తో పాపని అందుకుంటూ రెండో చేత్తో ఆ బట్ట పట్టుకుంది.

"వద్దండీ!"

మైకు కీచుమంది. ఫెబా ఉయ్యాలకి అడ్డం పడి రెండు చేతులతో ఆ శాటిన్ పట్టుకు లాగింది. కుట్లు పటపటా తెగాయి, గులాబీలు నేలరాలాయి.

"ఇది ఉయ్యాల కుట్టు కాదండీ" అంది. ఏడుస్తున్నానని ఆమెకే తెలియలేదు. "పెట్టె కుట్టు. మా నాన్న పెట్టెలు చేస్తాడు. చనిపోయినవాళ్ళకి. లోపల బట్ట నేను కుడతాను. తెలీకుండా చేసేశానండీ, నా చేతులకి అదొక్కటే వచ్చు. దీంట్లో పాపని పడుకోబెట్టకండి."

పాపని మాధవీలత గుండెలకి అదుముకుంది. ముందుగా తేరుకుంది పేరమ్మే.

"ఓసి నీ నోట్లో మన్నుబడ! పురిటి పిల్లకి శవప్పెట్టె కుడతావంటే? ఎవరే దీన్ని పిలిచింది? ఉప్పూ మిరపకాయలూ తెండర్రా ముందు, చూస్తూ నిలబడ్డారు!"

దిష్టి తీసి మిరపకాయలు నిప్పుల్లో వేశారు. హాలంతా ఘాటు కమ్మేసింది, అందరూ దగ్గుతూ బయటికి పడ్డారు. ఫెబా ఆ పొగలోనే వంగి పూసలేరుకుంది, ట్రేలు సర్దుకుంది. చించిన శాటిన్ ఉండ చుట్టి సంచిలో కుక్కుకుంది. గుమ్మం దగ్గర మాధవీలత నిలబడి ఉంది. ఆవిడ కళ్ళలోంచి కూడా నీళ్ళు కారుతున్నాయి, పొగకో మరి దేనికో.

"నీ మీద నాకు కోపం లేదమ్మా. ఆఖరికైనా చెప్పావు" అంది మాధవీలత. "కానీ వెళ్ళిపో."

గేటు దగ్గర నీలం అంచు చీర ఆవిడ "అమ్మాయ్, ఆగు" అని పిలిచింది. ఆగి ఏం వినాలి? ఇంకో శాపనార్థమేగా? ఫెబా స్కూటీ ఎక్కి వెనక్కి చూడకుండా వచ్చేసింది.

కొట్టులో సాల్మన్ ఒక్కడే ఉన్నాడు. ఫెబా అంతా చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. ఆయన విన్నాడు.

"పిల్లని పడుకోబెట్టలేదు కదా?"

"లేదు."

"మంచి పని చేశావు" అన్నాడు. చేతిలో చెక్క పక్కన పెట్టి, "నా మూలంగా వచ్చిందే నీకిదంతా" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మాటకి ఫెబా ఇంక ఆగలేక పెట్టెల మధ్య చతికిలబడి బావురుమంది.

ఏడుపు తగ్గాక అడిగింది, చిన్నప్పుడు వదిలేసిన ప్రశ్న. "ఆ మూరెడు బట్ట ఎందుకు వదలమంటావ్ నాన్నా?"

సాల్మన్ గడ్డం గోక్కున్నాడు. అలాంటివి చెప్పడం ఆయనకి చేతకాదు. "మూత పెట్టేముందు ముఖం మీద ఏదోటి కప్పాలి కదే. పెట్టెలో బట్ట లేకపోతే, గుంట తవ్వేవాడో ఎవడో, భుజాన ఉన్న తువ్వాలు తీసి పడేస్తాడు. మీ అవ్వ చనిపోయినప్పుడు అట్టాగే అయింది. నేను చిన్నవాణ్ణి, చూస్తా నిలబడ్డా. చెమట తువ్వాలు అది. అందుకని వదులుతున్నా. చేతికి బట్ట ఆనితే సొంతవాళ్ళే కప్పుకుంటారని."

"కప్పుకుంటారా?"

"ఏమో. నేనేం చూశాను?"

"బాగుందని ఎవరైనా చెప్పారా ఎప్పుడైనా?"

"పెట్టె బాగుందని ఎవరొచ్చి చెప్తారే పిచ్చిదానా?" అన్నాడు సాల్మన్.

ఫెబా వాట్సాప్ గ్రూపులోంచి ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. ముందే ఒప్పుకున్న స్కూలువాళ్ళు పరీక్షలున్నాయన్నారు. పార్లరావిడ ఫోనెత్తలేదు. సంఘంలో వాళ్ళు కూడా సాల్మన్‌ని చూసి మొహం పక్కకి తిప్పుకున్నారు. ఫెబా అట్టపెట్టెలు తెచ్చి బీరువాలు ఖాళీ చేయడం మొదలుపెట్టింది. గుంటూరు షాపువాళ్ళు మళ్ళీ పనిలోకి రమ్మంటే పోదామనుకుంది. గులాబీ బోర్డు దించి గోడకి తిప్పి పెట్టింది.

ఒక శనివారం మధ్యాహ్నం మెట్టు మీద ఎవరో ఆడమనిషి నిలబడింది. సాల్మన్ అలవాటు ప్రకారం 'రండి' అనలేదు. లేచి, ఒంటి మీది పొట్టు దులుపుకుని, కొలిచే టేపు చేతిలోకి తీసుకున్నాడు.

"పొడవెంతమ్మా?" అని మెల్లిగా అడిగాడు.

ఆవిడ ఆ టేపు వంక చూసి గుమ్మం పట్టుకుంది. "పెట్టె కోసం కాదండీ. అమ్మాయి లేదా? ఫెబా?"

అట్టపెట్టెల వెనక నుంచి ఫెబా తలెత్తింది. నీలం అంచు చీర ఆవిడ. ఫెబా చేతిలో దారపుండ జారి దొర్లుకుంటూ పోయింది.

"భయపడకమ్మా. నా పేరు రెబ్కా. ఆస్పత్రిలో నర్సుని. ఆ కాలనీలోనే అద్దెకుంటున్నా. ఆ రోజు పిలుస్తుంటే వెళ్ళిపోయావు. నీ కార్డు మీద అడ్రసు లేదు. పెట్టెలు చేసేవాళ్ళెక్కడుంటారని అడుక్కుంటూ వచ్చా."

ఫెబా కుర్చీ వేసింది. రెబ్కా కూర్చోలేదు. ముందుకి నడిచి, తెర పక్కకి తీసి, గోడకి నిలబెట్టిన ఒక పెట్టె దగ్గర ఆగింది. లోపల శాటిన్ తడిమింది. పైన వదిలిన మూరెడు బట్ట కొస వేళ్ళతో పట్టుకుంది.

"ఇదే" అంది. "మా బెన్నీకి డెంగీ జ్వరం వచ్చింది. రెండో తరగతి. పెట్టె మా అన్నయ్య తెచ్చాడు, ఎక్కణ్ణుంచి తెచ్చాడో నేనడగలేదు. ప్రార్థన అయిపోయింది, మూత పట్టుకుని మనుషులు నిలబడ్డారు. ఇక చాలు లేమ్మా, లేమ్మా అంటున్నారందరూ. అప్పుడు నాకీ బట్ట కనపడింది. రోజూ పడుకునేటప్పుడు దుప్పటి కప్పేదాన్ని వాడికి, బుగ్గల దగ్గర సర్ది. అట్టాగే కప్పా. నేను సర్దేదాకా ఎవ్వరూ నన్ను లేమనలేదు. నర్సునమ్మా నేను. డ్యూటీలో ఎంతమంది ముఖాల మీద గుడ్డ కప్పానో. నా బిడ్డకి మాత్రం ఇంకొకళ్ళ చెయ్యి పడకుండా ఈ బట్ట ఆపింది. ఎవరో మహానుభావులు తల్లి గురించి ఆలోచించి వదిలారనుకునేదాన్ని. వాళ్ళనొకసారి చూడాలని ఉండేది. ఎక్కడని వెతకను?"

సాల్మన్ అటు తిరిగిపోయాడు. సుత్తి తీసుకుని, దిగిపోయిన మేకు నెత్తి మీదే మళ్ళీ మళ్ళీ కొడుతున్నాడు.

ఫెబాకి ఆ చిన్న పెట్టె గుర్తుంది. చిన్న పెట్టె చేసిన రోజు నాన్న అన్నం తినడు. ఆ రోజు శాటిన్ మీద కన్నీళ్ళు పడి మరకైతే, ఆ ముక్క తీసేసి వేరే బట్ట వేసి మళ్ళీ కుట్టింది. ఎవరి బిడ్డో తెలియదు. ఆ బిడ్డ పేరు బెన్నీ అని ఇప్పుడు తెలిసింది.

"అది నేనే కుట్టానండీ" అంది.

రెబ్కా ఆమె రెండు చేతులూ పట్టుకుని వేళ్ళ వంక చూసింది. ఆ చేతుల్నే కళ్ళకద్దుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఏడుపొస్తే ఏడవడానికి సిగ్గుపడక్కర్లేని చోటు చీరాలలో అదొక్కటేగా మరి.

తర్వాత రెబ్కా మొహం తుడుచుకుని కుర్చీలో కూర్చుంది. "నాకు కుట్టు నేర్పుతావా?"

"షాపు తీసేస్తున్నానండీ."

"ఇంకా తీసెయ్యలేదుగా. దారాలు ఇక్కడే ఉన్నాయిగా."

"ఏం కుడతారు?"

"ఏదో ఒకటి. డ్యూటీ దిగి ఇంటికెళ్తే చేతులకి పని ఉండట్లేదమ్మా. ఊరికే ఉంటే అవి ఆ బట్టే సర్దుతుంటాయి. నువ్వు చూశావుగా."

ఫెబా అట్టపెట్టె విప్పింది. ఏ రంగు కావాలని అడిగితే రెబ్కా చాలాసేపు ఏరింది. పసుపు చూసి వద్దంది, ఆకుపచ్చ చూసి మరీ ముదురంది, చివరికి వంకాయరంగు తీసుకుని "ఇది వెలుస్తుందా?" అని అడిగింది. వెలవదని ఫెబా చెప్తే నమ్మక, వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసింది. ఆ గుమ్మంలో ఒక మనిషి దారం రంగు కోసం విసుక్కోవడం ఫెబా చూస్తున్నది అదే మొదటిసారి.

క్రోషే కొక్కెం ఎలా పట్టాలో చూపించింది. మొదటి గొలుసు వదులైంది, రెండోది బిగుసుకుపోయింది. తెర వెనక సాల్మన్ సుత్తి ఆపేశాడు, చప్పుడు ఆవిడకి ఇబ్బందేమోనని. "కొట్టనివ్వండి బాబాయ్ గారూ, మీ పని మీరు చేసుకోండి" అంది రెబ్కా తలెత్తకుండా. సుత్తి మళ్ళీ మోగింది. లోపల పెట్టె తయారవుతోంది, బయట వంకాయరంగు గొలుసు పొడుగవుతోంది. పొద్దు వాలేవేళకి అరచేతంత ముక్క అల్లింది రెబ్కా. వంకరగా ఉంది. దాన్నే మురిపెంగా సంచిలో పెట్టుకుంది.

"మా సంఘంలో ఇద్దరున్నారమ్మా, నాలాంటి తల్లులే" అంది లేస్తూ. "వచ్చే శనివారం తీసుకొస్తా. నీ ఒక పూట సరదా ఇక్కడే పెట్టు. సరదా అని పేరెందుకులే, పోగ్రాం అందాం. వాళ్ళకి అడ్రసు చెప్పాలిగా, ఏమని చెప్పను?"

ఫెబా తెర వైపు చూసింది. ఆ ప్రశ్న ఎన్ని హాళ్ళలో ఎంతమంది అడగలేదు! నాన్న సుత్తి కూడా ఆగింది, వింటున్నాడన్నమాట.

"పెట్టెల సాల్మన్ గారి కొట్టని చెప్పండి" అంది ఫెబా గట్టిగా. "ముందు గది."

రెబ్కా చెప్పులేసుకుంది. మెట్టు దిగింది. దిగి, ఆగి, వెనక్కి తిరిగింది. తెర దగ్గర సాల్మన్ నిలబడి ఉన్నాడు, చేతుల నిండా పొట్టు.

"వెళ్ళొస్తానండీ" అంది రెబ్కా.

ఊరంతా రోజూ అనుకునే మాట. దానికి బదులేం చెప్పాలో పాలు తాగే పిల్లాడికి తప్ప అందరికీ తెలుసు. సాల్మన్ మాత్రం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ కొట్టులో జుట్టు నెరిసిపోయింది గానీ ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తెర దాటాడు. దారపుండల మధ్య నుంచి, కూతురి పక్క నుంచి నడిచి గుమ్మం దాకా వచ్చాడు. ఇంకో మెట్టు కిందికి కూడా దిగాడు.

"మంచిదమ్మా" అన్నాడు. ఆ మాట ఆయనకే వినపడలేదు. ఇంకాస్త గట్టిగా మళ్ళీ అన్నాడు.

"మంచిదమ్మా. మళ్ళీ రా."